వర్జీనియా క్రీపర్: అల్లుకోదు, అతుక్కుంటుంది

అమెరికా తూర్పు రాష్ట్రాల అడవుల్లో, పెరటి కంచెల మీద ఈ తీగ కనిపించగానే మనవాళ్లకి వచ్చే మొదటి అనుమానం, ఇది పాయిజన్ ఐవీ కాదు కదా అని. ఆకు లెక్క పెట్టండి. ఒకే కాడ కొసన అరచేయిలా అయిదు చిట్టాకులుంటే వర్జీనియా క్రీపర్, మూడుంటే పాయిజన్ ఐవీ. చిక్కేమిటంటే లేత మొక్కల్లో క్రీపర్‌కీ కొన్ని ఆకులు మూడేసి ఉంటాయి. అప్పుడు కాండం చూడాలి. పాయిజన్ ఐవీ ముదురు కాండం నిండా బొచ్చులాంటి వేళ్లుంటాయి, పట్టుకుని పాకే సన్నటి నులితీగలుండవు, క్రీపర్‌కి ఉంటాయి. అది మామిడి, జీడిమామిడి కుటుంబంది. సొన తగిలితే ఒళ్లు పొక్కుతుంది. కోసిన తీగని తగలబెట్టినా ఆ పొగ ఊపిరితిత్తులకి ప్రమాదమే. క్రీపర్‌ది ద్రాక్ష కుటుంబం, మన నల్లేరుకి దాయాది. అలాగని దాని నీలం కాయలు నోట్లో వేసుకోకండి. అందులోని ఆక్సాలిక్ ఆమ్లం మనకి విషం, పిట్టలకి మాత్రం విందు. దీని రసానికి కూడా కొందరికి దురద పుడుతుంది కాబట్టి గ్లవ్స్ తప్పనిసరి.

అసలు తమాషా క్రీపర్ నులితీగలోనే ఉంది. వెలుతురుకి పెడమొహం పెట్టి, నీడగా ఉన్న సందులు వెతుక్కుంటూ పోతుంది. పాయల కొసలు గోడకి తగిలాయా, ఒక్కో కొసా ఉబ్బి చిన్న బిళ్లలా మారి, జిగురు ఊరి అంటుకుంటుంది. తర్వాత నులితీగ స్ప్రింగులా చుట్టుకుని గట్టిపడుతుంది. ఏదీ తగలనిది ఒకటి రెండు వారాల్లో వాడి రాలిపోతుంది. కనీసం పదేళ్ల వయసున్న నులితీగలో ఒక్క పాయ రెండు పౌండ్ల బరువు మోసిందని డార్విన్ రాశాడు.

అందుకే పచ్చి తీగని గోడ మీంచి లాగితే రంగు పెచ్చులతో సహా ఊడొస్తుంది, పాత ఇటుకల మధ్య సున్నమూ రాలుతుంది. ముందు కాండాన్ని నేల దగ్గర కోసి, ఒక జానెడు ముక్క తీసేసి వదిలేయండి. కొన్ని వారాలకి ఎండి పెళుసవుతుంది, అప్పుడు మెల్లగా తీయండి. బిళ్లలు ఎలాగూ మిగులుతాయి, వాటిని గట్టి నైలాన్ బ్రష్‌తో రుద్దాలి. నేల మీద పాకిన కొమ్మలు కణుపు కణుపుకీ వేరు పడతాయి. ఒక్కటి మిగిలినా మళ్లీ లేస్తుంది.

చెక్క గోడ, వినైల్ సైడింగ్ (గోడ బయట తొడిగే ప్లాస్టిక్ పలకలు) పక్కన దీన్ని నాటనే వద్దు. పెద్ద చెట్టు మీదైతే పదిహేను మీటర్లకి పైగా పాకినా మామూలుగా దానికి నష్టముండదు. చిన్న పొదలకే వెలుతురు అందదు. శరదృతువు ఎరుపు కోసం పెంచేవాళ్లు ఎండ బాగా పడే చోటు చూసుకోండి, నీడలో ఆ రంగు వెలవెలబోతుంది.