నా షుగరే నీకొచ్చిందిరా

రాత్రి నాలుగుసార్లు బాత్రూముకు లేస్తున్నాను. పడుకునేటప్పుడు పక్కన పెట్టుకున్న లీటరు బాటిల్ తెల్లారేసరికి ఖాళీ. ఎండాకాలం కదా అని నెల రోజులు గడిపేశాను. చివరికి నాచారంలో ఇంటి దగ్గర ల్యాబ్‌లో పరీక్ష చేయిస్తే పరగడుపున 182, మూడు నెలల సగటు చెప్పే హెచ్‌బీఏ1సీ 8.6 వచ్చాయి. ఈ రెండోది 6.5 ఉంటే చాలు, షుగర్ అంటారు. నాకప్పుడు 39 ఏళ్లు.

అమ్మ నాకు అన్నం వడ్డించబోతూ ఆ అంకె విని గరిటె గిన్నెలోనే వదిలేసింది. కొంగుతో చెయ్యి తుడుచుకుంటూ అలాగే నిలబడిపోయింది. తడి లేని చెయ్యినే తుడుస్తోంది. "నా షుగరే నీకొచ్చిందిరా" అంది కాసేపటికి. తాతయ్యకు షుగర్‌తో కాలి వేలు తీసేశారు. అమ్మ ఇరవై ఏళ్లుగా మాత్రలు వేసుకుంటోంది.

జబ్బు కంటే ఆ మాటే నన్ను ఎక్కువ బాధపెట్టింది. డాక్టరమ్మను ముందు అదే అడిగాను. అన్నయ్య నాకంటే లావు, మరి నాకే ఎందుకొచ్చింది?

పెద్దయ్యాక వచ్చే షుగర్‌కు ఒక్క జన్యువు కారణం కాదన్నారు ఆవిడ. వందల కొద్దీ చిన్న తేడాలుంటాయి, ఒక్కొక్కటీ రిస్కును కాస్త కాస్త పెంచుతుంది. వాటిలో బాగా బలమైనది టీసీఎఫ్7ఎల్2 అనే జన్యువులో ఉంది. 2006లో ఐస్‌లాండ్ శాస్త్రవేత్తలు దాన్ని పట్టుకున్నారు. మరుసటి ఏడాదే మన హబ్సిగూడలో జీవకణాల మీద పరిశోధన చేసే సీసీఎంబీ వాళ్లు, పుణె డాక్టర్లు కలిసి భారతీయుల్లోనూ అంతేనని చూపించారు. రోజూ ఆ గేటు ముందు నుంచే ఆఫీసుకు వెళ్తాను, నాకు తెలియనే తెలియదు! ఆ తేడా ఉంటే క్లోమం నుంచి ఇన్సులిన్ రావడం కాస్త తగ్గుతుంది. అమ్మ నుంచి ఒక కాపీ, నాన్న నుంచి ఒకటి వస్తాయి. రెండూ ఆ రకానివే అయితే రిస్కు దాదాపు రెట్టింపు. ఒక తల్లి పిల్లలైనా ఎవరికి ఏది వస్తుందో మన చేతిలో లేదు.

నన్ను నిలబెట్టింది మాత్రం ఆవిడ చెప్పిన ఇంకో సంగతి. అమెరికాలో షుగర్ అంచున ఉన్న మూడు వేల మందికి పైగా మనుషుల్ని గమనించారు. తిండి మార్చి, బరువు తగ్గి, వారానికి 150 నిమిషాలు నడిచినవాళ్లలో షుగర్ రావడం 58 శాతం తగ్గింది. ఆ రకం కాపీలు రెండూ ఉన్నవాళ్లకూ ఆ మేలు దక్కింది.

ఆవిడ రాసిచ్చిన షుగర్ మాత్ర మెట్‌ఫార్మిన్‌తో మొదటి రెండు వారాలు కడుపులో ఒకటే తిప్పడం. తర్వాత సర్దుకుంది. పొద్దున్నే ఓయూ ఆర్ట్స్ కాలేజీ రోడ్డు మీద నడక, రాత్రి అన్నం బదులు రెండు జొన్న రొట్టెలు. పది నెలలకు 84 కిలోల నుంచి 75కు వచ్చాను. హెచ్‌బీఏ1సీ 6.2. మాత్ర మానలేదు, డోసు తగ్గింది.

"నాన్న వైపు నుంచి కూడా వచ్చి ఉండొచ్చమ్మా" అన్నాను ఒకరోజు. "ఆయనకు లేదుగా" అంది. జన్యువు ఉన్నంత మాత్రాన అందరికీ జబ్బు బయటపడదని చెప్పాను. అమ్మ చాలాసేపు ఆలోచించి, "మరి పెద్దాడిని కూడా చూపించు" అంది.

అన్నయ్యకు 6.0 వచ్చింది. ఇంకా షుగర్ కాదు, అంచున ఉన్నాడు. ఇప్పుడు ఐదున్నరకు వాడి స్కూటర్ హారన్ వినిపించగానే అమ్మే ముందు లేచి గేటు తీస్తుంది.