నల్లోడి తెల్ల మూతి

"అక్కా బొమ్మ బాగుండాది, మూతి మీద తెల్లగా ఉండేది మాత్రం తీసేయండి, ముసలిదాని మాదిరి కనిపిస్తా ఉండాది." పొద్దున్న కాఫీ టైముకి వచ్చిన మెసేజి ఇది. రాత్రి పన్నెండు దాటినా తలలో నుంచి పోలేదు, అందుకే పడుకున్నదాన్ని లేచొచ్చి టైప్ చేస్తున్నా.

పెంపుడు కుక్కల మొహాలు ఇంకు పెన్నుతో కాగితం మీద గీసిచ్చేది నా పని. ఈ మెసేజి దామలచెరువు వాళ్ళ నల్లోడి బొమ్మ గురించే. పోయిన వారం రాసినా కదా, కళ్ళు అంత బాగా ఎప్పుడూ కుదర్లేదని, అదే. మామిడితోట కాపలా కుక్క, నాటుది, వొళ్ళంతా నలుపు, మూతి మాత్రం తెల్లబడిపోయింది. మెసేజి పెట్టిన వాళ్ళబ్బాయిది బెంగళూర్లో ఉద్యోగం, వాళ్ళమ్మకి ఫ్రేమ్ కట్టించి ఇస్తానన్నాడు. కుక్క పోయి నెల కూడా కాలేదంట.

తీసేయమంటాడు. ఏం తీసేది? అక్కడ నేను పెట్టింది ఏమన్నా ఉంటే కదా తీయడానికి. ఇంకు పనిలో తెల్లగా కనిపించేదంతా నేను ముట్టుకోకుండా వదిలేసిన కాగితమే. తెల్ల జెల్ పెన్నుతో మీసాలు గీసేవాళ్ళు ఉన్నారు, నాకు అది నచ్చదు, అతికించినట్టు ఉంటుంది. నల్లకుక్క మొహంలో వదిలేయడమే అసలు పని, గీయడం తర్వాతి మాట. ముక్కు చుట్టూ వెంట్రుకలు ఒక దిక్కుకి పోవు. ముక్కు పైనుంచి నుదుటికి ఎక్కేవి వేరు, పక్కలకి పెదవి మీదికి దిగేవి వేరు, గడ్డం కింద వెనక్కి పోయేవి వేరు. నలుపు తెలుపయ్యే చోట గీతకీ గీతకీ మధ్య సందు పెంచుకుంటా పోవాలి, పోగా పోగా ఒక్కొక్క వెంట్రుకే మిగలాలి, ఆపైన ఒట్టి కాగితం. అక్కడ మైక్రాన్ 003 అనే సన్న ములుకు పెన్ను వాడతా, దాని గీత మందం 0.15 మిల్లీమీటర్లు, కొంచెం గట్టిగా వత్తితే ములుకు లోపలికి పోతుంది, ఇంక ఆ పెన్ను పనికిరాదు. మీసాలకైతే ముందే పెన్సిల్‌తో కనపడీ కనపడకుండా జంట గీతలు వేసుకుని, వాటి మధ్యలోకి ఒక్క ఇంకు గీత కూడా పోకుండా చుట్టూ బుగ్గంతా నింపుకుంటా రావాలి. పైగా ఈ తుపాను ముసురు, ఇంకు ఆరి చావట్లేదు, చెయ్యి ఆనిస్తే అంటుకుంటుందని అరచేయి కింద కాగితం ముక్క పెట్టుకుని గీసినా మొత్తం.

మా ఆయనకి మెసేజి చూపిస్తే "నల్లగా చెయ్యడమే కదా, పది నిమిషాల పని, చేసిచ్చి డబ్బులు తీసుకో, ఎందుకు అంత బాధ" అన్నాడు. నాకు ఎక్కడ మండిందంటే అది నిజమే, పది నిమిషాల పనే! అదే నా బాధ. లావు గీత పడే 05 పెన్ను తీసుకుని బరబరా గీకితే ఆ తెల్ల మూతి ఉండదు, మళ్ళీ ఏం చేసినా వెనక్కి రాదు. బ్లేడుతో గీకొచ్చు కదా అని ఆయనే సలహా. చిన్న చుక్కయితే గీకొచ్చు. మూతంతా గీకితే కాగితం పీచు లేస్తుంది, దాని మీద మళ్ళీ గీస్తే ఇంకు పాకి మరకవుతుంది. 300 జీఎస్ఎమ్ మందపాటి కాగితమైనా అంతే.

అత్త సీరియల్ చూస్తానే "ముసలితనం ఎవురికి ఇష్టమే" అనింది. అత్త తలకి నెలనెలా గోరింటాకు నేనే పెడతా కాబట్టి ఆ మాటకి ఏమీ అనలేకపోయినా.

కానీ నాకు ఈ ముసలితనం తుడిచెయ్యడం అసలు పడదు. వయసుతో వెంట్రుక కుదుళ్ళలో రంగు తయారవడం తగ్గిపోతుంది, నల్లకుక్కకి ముందు మూతి దగ్గరే తెలిసిపోతుంది, ఆ తర్వాత కళ్ళ చుట్టూ. ఇందులో సిగ్గుపడాల్సింది ఏముంది? ఫోన్లో ఫిల్టర్లేసి మనుషుల మొహాలు నున్నగా చేసుకుంటున్నారు, సరే మీ మొహం మీ ఇష్టం. పాపం ఆ కుక్కని కూడా వదలరా? పోయినేడు ఒకావిడ తన పామరేనియన్ కంటికింద నీటిచార తీసేయమనింది, ఇంకొకాయన కుంటుకాలు కనపడకూడదన్నాడు. వాళ్ళకి కావాల్సింది వాళ్ళ కుక్కేనా, క్యాలెండర్ మీద కుక్కా? ఇట్ల పెద్ద జవాబే టైప్ చేసినా పొద్దున్న. పంపలేదు, అట్లే ఉంది ఫోన్లో.

టైప్ చేస్తుంటే కాళహస్తి తాత గుర్తొచ్చినాడు. సొంత తాత కాదు, అమ్మమ్మ వాళ్ళ పక్కింటాయన, కలంకారీ వేసేవాడు. 1950ల చివర్లో, చేతిపనుల కళల్ని నిలబెట్టిన కమలాదేవి ఛటోపాధ్యాయ చొరవతో శ్రీకాళహస్తిలో కలంకారీ శిక్షణ కేంద్రం పెట్టినారు కదా, అక్కడ నేర్చుకున్నవాళ్ళ దగ్గర పని నేర్చినాడంట. ఎండాకాలం సెలవలకి పోతే నేను మిట్టమధ్యాహ్నం కూడా వాళ్ళ వరండాలోనే. మూలన ఒక కుండ ఉండేది, దాన్లో తుప్పు మేకులు, ఇనుప ముక్కలు, బెల్లం, నీళ్ళు, వారాల తరబడి పులుస్తా ఉండేది, మూత తీస్తే ముక్కు పగిలిపోయే వాసన. గుడ్డని కరక్కాయ పొడి, గేదెపాలు కలిపిన నీళ్ళలో ముంచి ఆరబెట్టేవాళ్ళు, పాలు ఉంటే రంగు పాకదు. చింతపుల్ల బొగ్గుతో ముందు లీలగా గీసుకుని, ఆ తర్వాత వెదురు కలం. కలానికి గుడ్డ చుట్టి దారంతో బిగించి ఉంటుంది, ఆ గుడ్డ కుండలోని నీళ్ళు పీల్చుకుంటుంది, వేళ్ళతో నెమ్మదిగా వత్తుతుంటే మొనకి దిగుతుంది. నాకు పిచ్చి ఎక్కడంటే, ఆ గీత పడేటప్పుడు నల్లగా ఉండదు. నీళ్ళచాయగా పడుతుంది, కరక్కాయ వగరు తగిలి మన కళ్ళముందే నల్లబడుతుంది. పెద్దయ్యాక చదివితే తెలిసింది, యూరప్‌లో వందల ఏళ్ళు వాడిన సిరా కూడా ఇదే తరహా అని, ఓక్ చెట్టు బుడిపెల వగరు, ఇనుప లవణం. ఇండియన్ ఇంకు వేరు, అది మసి, లక్క కలిపినది. కానీ చెరపడం కుదరదు అనే సంగతి మాత్రం అన్నింటికీ ఒకటే.

ఆ ఏడు తాత స్వర్గారోహణం వేస్తున్నాడు. ద్రౌపది, తమ్ముళ్ళు ఒక్కొక్కరే దోవలో పడిపోతారు, ధర్మరాజు వెనకాల కుక్క ఒకటి మిగులుతుంది. ఇంద్రుడు రథం తెచ్చి కుక్కని వదిలేసి ఎక్కమంటే, నన్ను నమ్మి వచ్చినదాన్ని వదిలి నాకు స్వర్గం వద్దంటాడు ధర్మరాజు. ఆ కుక్కకి తాత డొక్కలు గీసినాడు, ఒక్కొక్క ఎముకా లెక్కపెట్టేటట్టు. దేవుడి కథలో కుక్క అంత బక్కగా ఉండేది నాకు నచ్చలేదు. ఎందుకు తాతా ఇట్ల గీస్తివి అని అడిగితే, తల ఎత్తకుండానే "హస్తినాపురం నుంచి హిమాలయాల దాకా నడిచొచ్చింది కదమ్మా, బక్కచిక్కకుండా ఎట్లుంటాది?" అన్నాడు. ఆ కుక్క యమధర్మరాజే అని చివర్లో తెలుస్తుంది, అయినా తాత దానికి కిరీటం, కాంతి అట్లాంటివేం పెట్టలేదు. డొక్కలే. నేను కుక్కల మొహాలు గీసేటప్పుడు ఈ మాట లోపల ఎక్కడో ఉంటుంది. నల్లోడి మూతి తెల్లబడిందంటే అన్ని రాత్రులు ఆ తోటలో తిరిగినాడని.

ఇదే రాసి ఆ అబ్బాయికి పంపిద్దామని సాయంత్రం కూర్చున్నా. అంతలో వాడే ఫోన్ చేసి "అమ్మ మాట్లాడతాదంట" అని వాళ్ళమ్మకి కలిపినాడు.

ఆమె తెల్ల మూతి ఊసే ఎత్తలేదు. "బాగా గీసినావు పాపా, అచ్చం ఫోటో మాదిరే ఉండాది" అనింది. ఆగింది. "ఆ ఫోటో ఆస్పత్రిలో తీసింది పాపా. అప్పటికే నాలుగు దినాలు సంగటి ముట్టలే వాడు. పదకొండేండ్లు మా ఇంట్లో ఉంటే, గోడ మీద ఆ నాలుగు దినాల నల్లోణ్ణే చూడాల్నా నేను?" నాకు నోట మాట రాలేదు. మరి మూతి తెల్లది అని నేనే అడిగినా. "ఉండేదేమో, దినామూ చూసేదానికి యాడ తెలస్తాది" అనింది.

ఫోన్ పెట్టేసి బొమ్మ ముందర లైటేసుకుని కూర్చున్నా. మూతి కాదు. కళ్ళు. పై రెప్ప సగం దిగి, కింది రెప్ప కొంచెం వేలాడి ఎర్ర లోపలి అంచు కనపడతా, చూపు ఎక్కడా నిలవకుండా. నేను గంటలు గంటలు కూర్చుని, కంటిపాపలో మెరుపు కూడా చిన్న చుక్కంత మాత్రమే వదిలి గీసిన కళ్ళు. ఫోటోలో ఉన్నది ఉన్నట్టు దించినా. ఆ ఉన్నది జ్వరం. కొడుక్కి ఏదో బాలేదని తెలిసింది గానీ ఏది బాలేదో చెప్పడం రాక, కంటికి తగిలిన తెల్లమచ్చ మీద పెట్టినాడు. మూతి నల్లగా చేసిచ్చుంటే ఏమయ్యేది, రంగేసుకున్న జబ్బుకుక్క అయ్యేది.

ఉన్నది గీయాలి అని పొద్దున్నుంచి గింజుకుంటున్నా గానీ, ఏ రోజు ఉన్నది? ఆమెకి గుర్తున్న నల్లోడు కూడా నిజమే కదా. అట్లని ఫోటో లేకుండా నా ఊహతో కళ్ళు తెరిచి పెడితే అది ఇంకేదో కుక్క అవుతుంది, నల్లకుక్కలన్నీ ఒకటి కావు. కనుబొమ్మ దగ్గర ఎముక ఒక్కో కుక్కకి ఒక్కో రకం, దాని నీడ మారితే మొహమే మారిపోతుంది. అందుకే ఆ అబ్బాయికి మెసేజి పెట్టినా, పాత ఫోన్లు వెతుకు, పెండ్లి ఫోటోలో మూలన నిలబడినా సరే, వాడు మెలకువగా ఉన్నది ఒకటి పంపమని. మూతి నల్లగా మాత్రం చెయ్యనని కూడా రాసినా, ఆ విషయంలో నేను మారలేదు.

పదిన్నరకి పంపినాడు. తోతాపురి లోడు ఎత్తేటప్పుడు తీసింది, గుజ్జు ఫ్యాక్టరీకి పోయే లారీ, క్రేట్లు, కూలీలు, పక్కన నల్లోడు. మొహం గోరంత, పెద్దది చేస్తే అంతా గళ్ళు గళ్ళు. కానీ తల ఎత్తి ఉన్నాడు, నోరు తెరిచి, లారీ డ్రైవర్ని చూస్తా. మూతి అప్పటికే తెల్లగానే ఉంది, గడ్డం దాకా! నాకు భలే సంతోషమైంది.

ఆస్పత్రి ఫోటోలో ఎముకల కొలతలు ఉన్నాయి, దీన్లో చూపు ఉంది, రెండూ పక్కపక్కన పెట్టుకుని కొత్త కాగితం మీద మొదటి నుంచి. ఆ మొదటి బొమ్మ నా దగ్గరే ఉంటుంది, దాన్ని ముట్టను. డబ్బులు సగమే తీసుకుంటానని చెప్పేసినా, మా ఆయనకి ఇంకా చెప్పలేదు. ఆ కాగితం ఒక్క షీటే మిగిలింది, చిన్నోణ్ణి స్కూల్లో దించి అట్నుంచి అట్లే గాంధీ రోడ్డుకి పోయి రావాలి. ఇంకో సంగతి, లారీ ఫోటోలో ఎడం చెవి నిక్కబొడుచుకుని ఉంది, కుడిది సగంలో మడిచి ఉంది. గాలికి అట్లయిందా, వాడికి ఎప్పుడూ అంతేనా, పొద్దున్నే ఆమెకే ఫోన్ చేసి అడగాలి.