పానకాలస్వామి తాళం

శనివారం, రాత్రి పదిన్నర

ఇవాళ్టి రోజు అర్ధరాత్రి దాటగానే మొదలైంది. రెండూ పదికి సెల్లార్లోంచి కారు అరుపు. మూడో అంతస్తులో పడుకుని ఉన్నా అది మా కారేనని నిద్రలోనే తెలిసిపోయింది. ఈ వారంలో మూడోసారి మరి! బాల్కనీలోకి పరిగెత్తి రిమోట్ నొక్కాను. అది కింద, నేను పైన, మధ్యలో అన్ని శ్లాబులు. ఏం వింటుంది? చున్నీ వేసుకుని మెట్లు దిగేసరికి దానంతటదే ఆగిపోయింది. వాచ్‌మన్ మంచం మీద లేచి కూర్చుని "మీ బండేనమ్మా" అన్నాడు, అదేదో నాకు తెలియనట్టు.

పైకొచ్చి పడుకున్నానో లేదో మళ్ళీ మొదలు. ఈసారి ఫస్ట్ ఫ్లోర్ రిటైర్డ్ తాసిల్దారు గారు కూడా దిగారు. ఆయన ఒక్క మాట అనలేదు. కారు వైపు చూశారు, నా వైపు చూశారు, వెళ్ళిపోయారు. నాలుగు తిట్టినా బాగుండేది. ఇక విసుగొచ్చి, కారుకి తాళం వేయకుండానే వదిలేసి వచ్చి పడుకున్నాను. ఎత్తుకుపోతే పోనీ, ఈ మోత వాడు పడతాడు.

పొద్దున ఆరింటికే అమ్మ పట్టుచీర కట్టుకుని సిద్ధం. మంగళగిరి కొండెక్కి పానకం పోయించాలని ఆవిడ మొక్కు. విజయవాడలో మా పటమట నుంచి ఎంత దూరం కనుక, గంటన్నరలో వచ్చేస్తాం అనుకున్నాం. కారెక్కి స్టార్ట్ బటన్ నొక్కితే, ఎదుట తెర మీద పసుపు అక్షరాల్లో కీ దొరకడం లేదని వచ్చింది. కీ నా ఒళ్ళోనే ఉంది. రెండోసారి నొక్కాను. అదే మాట.

అమ్మ తాపీగా అంది: "పానకాలస్వామి సగం తాగి సగం వదిలినట్టు, ఈ తాళం కూడా సగం రోజులే పనిచేస్తుందే."

నవ్వొచ్చింది కానీ, ఆ మాట దగ్గరే నా బుర్ర కూడా ఆగింది. సగం రోజులు పనిచేసేది కీ. సగం రాత్రులు అరిచేది అలారం. మూడు వారాలుగా ఈ రెంటినీ ఒకే జబ్బు అనుకుంటున్నాను. సర్వీస్ సెంటర్ వాళ్ళూ అలాగే చెప్పారు, "కీ సెట్ మార్చాలి మేడమ్, పద్నాలుగు వేలు అవుతుంది" అని. అసలు రెంటికీ సంబంధం ఉందో లేదో ఎవరు చూశారు? ఇంటర్ పిల్లలకి ఇరవై ఏళ్ళుగా ఫిజిక్స్ చెబుతూ, ఒకసారికి ఒక్క చలరాశినే మార్చాలని బోర్డు మీద రాసే మనిషిని, సొంత కారు దగ్గరికొచ్చేసరికి నేనే మర్చిపోయాను.

మంగళగిరి రేపటికి వాయిదా వేశాం. అమ్మ చీర మార్చుకోలేదు, నేను మనసు మార్చుకుంటానేమోనని.

ముందు కారు సంగతి. కీ ఫాబ్‌నే, అంటే ఆ రిమోట్ తాళాన్నే, స్టార్ట్ బటన్‌కి ఆనించి నొక్కితే ఇంజన్ స్టార్టయింది. ఈ చిట్కా మాన్యువల్లో ఉంటుంది, కానీ కారు డెలివరీ ఇచ్చిన రోజు చెప్పినవాళ్ళు లేరు. ఫాబ్‌లో సెల్ పూర్తిగా చచ్చిపోయినా ఇది పనిచేస్తుంది. బటన్ చుట్టూ ఉన్న తీగచుట్టలోంచి వచ్చే శక్తితోనే ఫాబ్‌లోని చిన్న చిప్ మేలుకుని తన నంబరు చెబుతుంది. నేను ఏటా చెప్పే అన్యోన్య ప్రేరణ పాఠమే, ట్రాన్స్‌ఫార్మర్‌కి బదులు కారు. మామూలు రోజుల్లో జరిగేది వేరు. డోర్ హ్యాండిల్ మీది నల్ల బటన్ నొక్కగానే కారు 125 కిలోహెర్ట్జ్ ప్రాంతంలో ఒక పిలుపు పంపుతుంది. అది ఓ మీటరు దూరం దాటి పెద్దగా పోదు. ఫాబ్ విని, 433 మెగాహెర్ట్జ్ మీద జవాబిస్తుంది. వినడానికైనా, బదులు పలకడానికైనా ఫాబ్‌కి సెల్ కావాలి. సెల్ నీరసంగా ఉంటే ముందు ఈ పిలుపూ జవాబే తడబడతాయి.

స్పేర్ కీ బీరువాలో, కొన్న రోజు కవర్లోనే ఉంది. దాన్ని తెచ్చి పదిసార్లు చూశాను. పదిసార్లూ తలుపు తెరుచుకుంది, పదిసార్లూ బండి స్టార్టయింది. అంటే కారుకేమీ లేదు, రోజూ వాడే ఫాబ్‌దే లోపం. ఇది మూడు వారాల కిందటే చేయాల్సిన పని. చేతికి అందేంత దూరంలో బీరువా ఉంది.

ఫాబ్ పక్కనున్న చిన్న మీట జరిపితే లోపల దాచిన ఇనుప తాళంచెవి బయటికొస్తుంది. ఆ సందులో నాణెం పెట్టి తిప్పితే పెంకు రెండుగా విడిపోతుంది. సెల్ తీసి కళ్ళజోడు పెట్టుకుని చూశాను. సీఆర్2025 అని ఉంది. పెంకు లోపల అచ్చు వేసింది మాత్రం సీఆర్2032.

ఒక్క నిమిషం అలాగే చూస్తూ ఉండిపోయాను. రెండూ మూడు వోల్టులవే, రెండూ ఇరవై మిల్లీమీటర్ల వెడల్పే. చివరి రెండంకెలే తేడా: ఒకటి 3.2 మిల్లీమీటర్ల మందం, ఇంకోటి 2.5. ఆ 0.7 మిల్లీమీటర్ల ఖాళీలో సెల్ కదులుతోంది. హ్యాండ్‌బ్యాగ్‌లో అటు పడితే తగులుతుంది, ఇటు పడితే తగలదు. వోల్టేజీ చూస్తే 3.1, నిక్షేపంలా ఉంది. పోయిన నెల పెయిడ్ సర్వీస్ బిల్లు తీసి చూశాను, "కీ బ్యాటరీ - 180" అని ఉంది. వాళ్ళు వేసిందే. నూట ఎనభై తీసుకుని పల్చటి సెల్ వేసి, దాని వల్ల వచ్చిన తంటాకి పద్నాలుగు వేలు అడిగారన్నమాట. కావాలని చేశారని అనను. కౌంటర్లో ఏది చేతికొస్తే అది వేసి ఉంటారు. ఒళ్ళు మండిందన్నది మాత్రం నిజం.

సందు చివర మొబైల్ షాపులో 2032 సెల్ దొరికింది, అరవై రూపాయలు. వేశాను. ఫాబ్ బుద్ధిగా పనిచేసింది.

మరి అలారం? ఫాబ్ బాగుపడ్డా అది ఆగుతుందని నమ్మకం లేదు. ఇంటి మల్టీమీటరుతో కారు బ్యాటరీ చూశాను. రాత్రంతా ఊరికే ఉన్న బ్యాటరీ 12.5 చూపించింది. పన్నెండు దగ్గరికి పడిపోయి ఉంటే దాన్ని అనుమానించేదాన్ని. దీన్ని అనుమానించే పని లేదు. ఇక మిగిలినవి తలుపులు, డిక్కీ, బానెట్. వీటిలో ఏది తెరుచుకుందనిపించినా దొంగ వచ్చాడని కారు అనుకుంటుంది. పోయిన వారం కాలేజీ పార్కింగులో నేను ఇనుప తాళంతో తలుపు తీస్తే, నన్నే దొంగననుకుని పిల్లలందరి ముందూ పరువు తీసింది. రిమోట్‌తో వేసిన తాళాన్ని ఇనుప తాళంతో తీయకూడదని అప్పుడు తెలిసింది.

అమ్మ ప్లాస్టిక్ కుర్చీ వేసుకుని పట్టుచీరతో సెల్లార్లో కూర్చుంది. కారు లాక్ చేసి, ఎర్ర దీపం నెమ్మదిగా మిణుకుమనేదాకా ఆగి, ఒక్కో తలుపూ ఊపాను. ఏమీ లేదు. డిక్కీ ఊపాను. ఏమీ లేదు. బానెట్ మీద అరచేత్తో ఒక్క చరుపు చరిచాను. అంతే, సెల్లార్ దద్దరిల్లింది! వాచ్‌మన్ లేచి నిలబడ్డాడు. అమ్మ మాత్రం చప్పట్లు కొట్టింది.

మూడుసార్లు అలాగే చేసి ఫోన్లో వీడియో తీశాను. బానెట్ కొండీ దగ్గర చిన్న స్విచ్ ఉంటుంది, బానెట్ మూసి ఉందో లేదో కారుకి చెప్పేది. దాని ప్లగ్గులో పచ్చటి చిలుము. పోయిన నెల సర్వీసులోనే ఇంజన్ వాష్ అని నీళ్ళు కొట్టారు, ఈ వారం వానలు. పగలు నడిపేటప్పుడు తెర మీద బానెట్ బొమ్మ ఒక్క క్షణం వెలిగి ఆరిపోవడం రెండుసార్లు చూశాను కూడా. చూసి వదిలేశాను.

తాసిల్దారు గారు అప్పుడు నోరు విప్పారు. "ఆటోనగర్ మెకానిక్ దగ్గరికి తీసుకెళ్ళమ్మా, పది నిమిషాల్లో ఆ వైరు కోసి పడేస్తాడు." నిజమే, కోస్తాడు, రాత్రికి అందరం నిద్రపోతాం. కానీ కారు ఇంకా వారంటీలో ఉంది. ఎక్కడైనా ఒక్క వైరు కోసి టేపు చుట్టి కనిపించిందా, రేపు ఏ ఎలక్ట్రికల్ రిపేరొచ్చినా ఆ టేపు చూపించి చేతులు దులిపేసుకుంటారు.

అందుకే సర్వీస్ సెంటర్‌కే వెళ్దామనుకున్నాను. బయల్దేరేముందు మా కాలేజీ కామర్స్ సారుకి ఫోన్ చేశాను. ఆయనకి ఇలాంటివి మహా సరదా. 2019 వినియోగదారుల చట్టం కింద మనం ఉండే జిల్లాలోనే వినియోగదారుల కమిషన్‌లో కేసు వేసుకోవచ్చనీ, చెల్లించిన సొమ్ము ఐదు లక్షల లోపుంటే ఫీజు లేదనీ, రెండేళ్ళ గడువుంటుందనీ, అంతకన్నా ముందు వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేస్తే చాలనీ గబగబా చెప్పేశారు. తర్వాత, "అవన్నీ తర్వాతమ్మా. ముందు నీ పాత జాబ్ కార్డు, అదే, సర్వీస్ వాళ్ళు నీ ఫిర్యాదు రాసుకున్న కాగితం, దాని మీద ఏం రాశారో చదువు" అన్నారు.

చదివాను. నేను ఆ రోజు చెప్పింది: రాత్రిళ్ళు అలారం దానంతటదే మోగుతోంది, కీ ఒక్కోసారి పట్టడం లేదు. వాళ్ళు రాసింది: "జనరల్ చెకప్, కీ చెక్." కింద నా సంతకం. అలారం అన్న మాటే లేదు. వాళ్ళ కాగితం ప్రకారం నేనసలు ఫిర్యాదే చేయలేదు! పెళ్ళి కార్డులో అక్షర దోషాలు వెతికే నేను, దాన్ని చదవకుండా సంతకం పెట్టాను.

సర్వీస్ సెంటర్లో అదే కుర్రాడు. "సార్ రాలేదా మేడమ్?" అన్నాడు. మా వారు విశాఖలో ఉద్యోగం చేసుకుంటున్నారు, ఆయనకి బానెట్ ఎటు తెరుచుకుంటుందో కూడా తెలియదు అనాలనిపించింది. అనలేదు. వీడియో చూపించాను, పల్చటి సెల్లూ వాళ్ళ బిల్లూ పక్కపక్కన పెట్టాను. కుర్రాడి ముఖం మారింది. "లోపల అడిగి వస్తాను" అని పోయి, వర్క్స్ మేనేజర్‌తో తిరిగొచ్చాడు.

మేనేజర్ స్విచ్ చూడగానే, "నీళ్ళు పోయాయండీ, ఇది వారంటీలో రాదు" అన్నాడు. "నీళ్ళు కొట్టింది ఎవరు?" అని ఇంజన్ వాష్ లైను మీద వేలు పెట్టాను. కాసేపు ఏసీ చప్పుడు తప్ప ఏమీ వినబడలేదు. తర్వాత ఆయన స్వరం తగ్గించి, స్విచ్ ఆర్డర్ పెడతామనీ, డబ్బులేమీ తీసుకోబోమనీ, అంతవరకూ ప్లగ్గు శుభ్రం చేసి ఇస్తామనీ అన్నాడు. ఆ మాటే కాగితం మీద రాయమన్నాను. కుర్రాడు మళ్ళీ "కీ చెక్" అని మొదలుపెట్టాడు. ఆపి, పక్కన కూర్చుని డిక్టేషన్ చెప్పాను: లాక్ చేసిన తర్వాత బానెట్ కదిపితే అలారం మోగుతోంది, కస్టమర్ వీడియో చూపించారు, పోయిన సర్వీసులో కీకి 2032 బదులు 2025 సెల్ వేశారు. చివరి వాక్యం దగ్గర అతని పెన్ను ఆగింది. "అది కూడా రాయాలా మేడమ్?" "రాయి నాయనా." రాశాడు. ఆ కార్డు అక్కడే ఫోటో తీసుకుని, నా మెయిల్ నుంచి వాళ్ళ మెయిల్‌కి పంపేశాను.

నూట ఎనభై వాపసు ఇస్తామన్నారు. తీసుకున్నాను. మొహమాటపడతానని అనుకున్నట్టున్నారు.

స్విచ్ మంగళవారం వస్తుందట. అప్పటిదాకా రాత్రిళ్ళు ఇనుప తాళంతోనే లాక్ చేస్తాను. అలా వేస్తే మా కారులో అలారం కాపలాకి కూర్చోదు. మాన్యువల్లో సాయంత్రం ఈ ముక్క చదివి, నిన్న రాత్రి తాళం వేయకుండా వదిలేసి వచ్చిన నన్ను నేనే తిట్టుకున్నాను.

పాత సెల్‌ని ఈ పేజీకి టేపుతో అంటించాను. ఫాబ్ సాయంత్రం నుంచి కనబడక వెతుకుతుంటే పోపుల డబ్బాలో దొరికింది. దొంగలు తాళం సిగ్నల్‌ని దూరం నుంచే లాక్కుంటారని నేనెప్పుడో చెప్పిన మాట అమ్మ గుర్తుపెట్టుకుని, స్టీలు డబ్బాలో పెడితే బయటికి పోదని అక్కడ పెట్టిందట. పూర్తిగా తప్పు మాటేమీ కాదు, కాదనలేకపోయాను. ఇప్పుడు కీ అంతా ఇంగువ వాసన. రేపు అయిదున్నరకే బయల్దేరాలంటోంది, ఎండెక్కితే కొండ మెట్లు ఎక్కలేనని. బెల్లం ఇక్కడి నుంచే తీసుకెళ్ళాలా, అక్కడ కొనాలా అన్నది ఇంకా తేలలేదు.