నాన్న రైఫిలు, బిస్కెట్ల డబ్బాలో తూటాలు

2023 జనవరిలో నాన్న పోయారు. పన్నెండో రోజు కార్యక్రమం ముగిసి బంధువులు వెళ్లిపోయాక అమ్మ గోద్రెజ్ బీరువా తెరిచి, గోనెగుడ్డలో చుట్టిన రైఫిలును చూపించి, "దీన్ని ఏం చేద్దామే?" అని అడిగింది. అది 315 బోరు బోల్టు రైఫిలు, అంటే తూటా వెనక గొట్టాన్ని మూసే కడ్డీని (బోల్టును) ప్రతిసారీ చేత్తో లాగి వేసే రకం. వెల్దుర్తి వైపు మా పొలం నల్లమల అంచున ఉండేది. అడవి పందులు రాత్రికి రాత్రే మొక్కజొన్నను దున్నేసేవి. పంట కాపలా కోసమే నాన్న లైసెన్సు తీసుకున్నారు. గుంటూరు బ్రాడీపేటకు మారిన తరువాత కూడా దాన్ని వదులుకోలేదు.

లైసెన్సుదారు చనిపోయిన మరుక్షణం నుంచి ఆ ఆయుధాన్ని ఇంట్లో ఉంచుకునే హక్కు మనకు ఉండదు. 1959 నాటి ఆయుధాల చట్టం ప్రకారం ఆలస్యం చేయకుండా పోలీసు స్టేషన్‌లోగానీ, లైసెన్సు ఉన్న దుకాణదారు దగ్గరగానీ అప్పగించాలి. మరునాడే తమ్ముడిని వెంటబెట్టుకుని వెళ్లి అప్పగించి రసీదు తీసుకున్నాను. రసీదులో రైఫిలు నంబరును అక్షరం అక్షరం సరిచూసుకున్నాను. తరువాత ఆరు చోట్ల ఆ నంబరే అడిగారు.

వారసురాలిగా నా పేరు మీదికి మార్చుకోవాలని నిర్ణయించుకున్నాను. మరణ ధ్రువపత్రం, తహసీల్దారు ఇచ్చే కుటుంబ సభ్యుల ధ్రువపత్రం, తమకు అభ్యంతరం లేదని అమ్మా తమ్ముడూ నోటరీ ముందు ఇచ్చిన అఫిడవిట్లు, వైద్యుని ధ్రువపత్రం, ఆయుధాన్ని భద్రంగా వాడటంలో శిక్షణ పొందిన ధ్రువపత్రం, వీటన్నిటితో లైసెన్సు దరఖాస్తు, అంటే ఏ-1 ఫారం, పెట్టాను. నాన్న లైసెన్సు మీద ఆయుధ లైసెన్సుల జాతీయ డేటాబేస్ ఇచ్చిన విశిష్ట సంఖ్య ఉండబట్టి పాత వివరాలు దొరకడం తేలికయింది. అది లేకపోతే ఎన్ని గడపలు ఎక్కాల్సి వచ్చేదో తెలియదు.

బిస్కెట్ల డబ్బా కథ ఈ మధ్యలో జరిగింది. దసరాకు అటక శుభ్రం చేస్తుంటే పాత రేకు డబ్బా దొరికింది. అందులో నలభై దాకా ఖాళీ తూటా గుల్లలు, అడుగున పేలని తూటాలు ఏడు. రెండు తూటాలకు చిలుము పట్టి పచ్చబడింది. వెంటనే టెక్సాస్‌లో ఉన్న పెద్దమ్మ కొడుక్కి ఫోన్ చేశాను. అన్నయ్యకు అక్కడ రెండో ప్రపంచ యుద్ధం నాటి లీ ఎన్‌ఫీల్డ్ రైఫిలు ఉంది. సైన్యం అమ్మేసిన దాన్ని ఎవరో కట్టె చెక్కి, వేటకు అనువుగా మార్చారు. దానికి కావలసిన తూటాలను తనే నింపుకుంటాడు. అక్కడి చట్టం అందుకు ఒప్పుకుంటుంది. నాన్న వాడిన ఇత్తడి గుల్లలను పారేయకుండా మళ్లీ నింపించుకోవచ్చేమోనని నాకు ఆశ పుట్టింది.

అన్నయ్య ముందు ఒక పొడవాటి తీగ తెమ్మన్నాడు. దాని కొన వంచి, గుల్లలోకి దింపి, అడుగు నుంచి గోడ వెంబడి పైకి లాగమన్నాడు. మూడో గుల్లలోనే తీగ కొన చిన్న గాడిలో తట్టుకుని ఆగింది. బయట సరిగ్గా అదే ఎత్తులో సన్నని మెరుపు గీత కనబడింది. లీ ఎన్‌ఫీల్డ్ తరహా రైఫిళ్లలో (నాన్నదీ ఆ తరహాదే) బోల్టును పట్టి ఉంచే చెవులు వెనకవైపు ఉంటాయట. పేలినప్పుడు బోల్టు వెంట్రుకవాసి వెనక్కి వంగుతుంది, గుల్ల ఆ మేరకు సాగుతుంది. సాగినదాన్ని నొక్కి సరిచేసి మళ్లీ నింపితే అదే చోట మళ్లీ పలుచబడుతుంది. ఏదో ఒకనాడు అక్కడే తెగి, వేడి వాయువు కాల్చేవాడి ముఖం వైపు తన్నుకొస్తుంది. ఆ గీత కనబడితే ఎంత కొత్త గుల్లనైనా అన్నయ్య శ్రావణంతో నలిపేసి పారేస్తాడు. తుపాకి మందును గ్రెయిన్లలో తూస్తాడు. గ్రెయిన్ అంటే దాదాపు 65 మిల్లీగ్రాములు. పట్టికలో చెప్పిన గరిష్ఠ మోతాదు కన్నా పదో వంతు తగ్గించి మొదలుపెడతాడు, ఆ సమయంలో ఫోన్ పక్క గదిలో పెట్టేస్తాడు. పరధ్యానంలో ఒకే గుల్లలో రెండుసార్లు మందు పడితే రైఫిలే పగిలిపోవచ్చు.

ఇవన్నీ చెప్పి, "నువ్వు మాత్రం వీటి జోలికి వెళ్లకు, ముందు మన చట్టం చదువు" అన్నాడు. చదివాను. ఒళ్లు జలదరించింది. మన చట్టం నిర్వచనంలో తూటాల విడిభాగాలు, వాటిని తయారుచేసే యంత్రాలు కూడా మందుగుండు కిందికే వస్తాయి. లైసెన్సు లేకుండా తయారుచేస్తే కనీస శిక్ష ఏడేళ్లు. సొంతానికి ఇచ్చే లైసెన్సు తయారైన తూటాలు కొని ఉంచుకోవడానికే తప్ప నింపుకోవడానికి కాదు. మరునాడు పొద్దున్నే డబ్బాతో సహా స్టేషన్‌కు వెళ్లి, లెక్కపెట్టించి, మరో రసీదు తీసుకున్నాను. తీగతో ఆటలాడిన ఆ ఒక్క సాయంత్రం కూడా నేను చేయకూడనిదే. డబ్బా దొరికిన క్షణమే వెళ్లి ఉండాల్సింది.

విచారణకు ఇంటికి వచ్చిన కానిస్టేబుల్ ఇరుగుపొరుగును అడిగి, బీరువా తాళం లాగి చూసి వెళ్లారు. 2024 మార్చి 16న ఎన్నికల నియమావళి అమల్లోకి రాగానే ఫైలు ఆగిపోయింది. లైసెన్సు చేతికి వచ్చేసరికి ఆగస్టు అయింది. ఐదేళ్ల గడువు.

రైఫిలును స్టేషన్ నుంచి విడిపించుకుని నేరుగా విజయవాడలోని తుపాకుల దుకాణానికి తీసుకెళ్లాను. అక్కడి మేస్త్రీ పెద్దవారు. బోల్టు విప్పి, కొలత బిళ్లలు పెట్టి, తూటా అంచుకూ బోల్టు ముఖానికీ మధ్య ఖాళీ హద్దులోనే ఉందని తేల్చారు. తరువాత గొట్టాన్ని వెలుతురుకు పెట్టి చూసి, "అమ్మా, మీ నాన్నగారు వేడినీళ్లు పోసేవారా?" అని అడిగారు. నాకు గొంతు పూడుకుపోయింది. చిన్నప్పుడు రైఫిలు కాల్చిన ప్రతిసారీ నాన్న అమ్మ చేత నీళ్లు మరిగించి గొట్టంలో పోసేవారు, ఆరాకే నూనె పట్టించేవారు. పాతకాలపు ప్రైమర్లు, అంటే తూటా అడుగున మందును అంటించే చిన్న మూతలు, గొట్టంలో ఉప్పు వదులుతాయి. అది నూనెకు కరగదు, నీటికే కరుగుతుంది. వదిలేస్తే తేమను పీల్చి లోపలంతా తుప్పు పట్టిస్తుంది. ఇన్నేళ్ల తరువాత కూడా ఆ గొట్టంలో మరలు, అంటే తూటాను తిప్పి పంపే గాళ్లు, అద్దంలా ఉన్నాయి.

ఫ్యాక్టరీ తూటాలు పది కొన్నాను. దుకాణదారు తూటాల సంఖ్య, తేదీ లైసెన్సులో రాసి ముద్ర వేశారు. రైఫిలు ఇప్పుడు గోడకు బిగించిన ఇనుప పెట్టెలో ఉంది. తూటాలు వేరే గదిలో, వేరే తాళం కింద ఉన్నాయి. ఆ రెండో తాళంచెవి అమ్మ కొంగుకే ఉంటుంది.