పెళ్లి భోజనం, పాల కాఫీ, నా చిన్నపేగు

2024 మే నెలలో గాజువాకలో ఒక పెళ్లికి వెళ్లాం. ఎవరి పెళ్లో చెప్పను, వాళ్లతో ఇంకా మాటలున్నాయి. రెండున్నరకి భోజనాలు, ఒళ్లంతా జిడ్డు పట్టే ఉక్క, పొద్దున్నెప్పుడో వండి పెట్టిన కూరలు. రాత్రి పదకొండుకి కడుపులో గడబిడ మొదలైంది. ఎనిమిదిసార్ల దాకా లెక్కపెట్టాను, తర్వాత లెక్కపెట్టే ఓపిక కూడా పోయింది.

అమ్మ మా ఎంవీపీ కాలనీలోనే పక్క సెక్టార్‌లో ఉంటుంది. తెల్లారగట్ల ఫోన్ చేస్తే, "ఒరే, ఓఆర్‌ఎస్ పొట్లం తెప్పించుకుని లీటరు నీళ్లలో కలుపుకో, నేను వచ్చేస్తున్నా" అంది. పొట్లం రుచి నాకు పడదు. మెడికల్ షాపు తెరవగానే నారింజ రుచి డ్రింకులు నాలుగు తెప్పించాను, డబ్బా మీద అవే అక్షరాలున్నాయి, ఇంకేం కావాలి అనుకున్నా. రుచి బ్రహ్మాండం. తాగినకొద్దీ మోషన్స్ ఇంకా ఎక్కువయ్యాయి.

సాయంత్రం డాక్టర్ గారు మొదట అడిగింది ఏం తిన్నారని కాదు, ఏం తాగారని. చెప్పాక సొరుగులోంచి పొట్లం తీసి వెనకవైపు చదవమన్నారు. లీటరు నీటికి గ్లూకోజ్ 13.5 గ్రాములు, ఉప్పు 2.6, ట్రైసోడియం సిట్రేట్ 2.9, పొటాషియం క్లోరైడ్ 1.5. "మీరు తాగింది జ్యూస్ అండీ. చక్కెర ఎక్కువైతే పేగు దాన్ని పీల్చుకోలేక ఒంట్లో నీళ్లే అందులోకి లాగుతుంది" అన్నారు. (2025 అక్టోబరులో దేశంలో ఆహార భద్రత చూసే ప్రభుత్వ సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ ఇలాంటి డ్రింకుల లేబుళ్ల మీద ఓఆర్‌ఎస్ అనే మాటే వాడొద్దంది. దాని వెనక హైదరాబాద్ పిల్లల డాక్టర్ శివరంజని సంతోష్ గారు ఏళ్ల తరబడి చేసిన పోరాటం ఉంది. నాకు మాత్రం ఏడాదిన్నర ఆలస్యం.)

అప్పటిదాకా నా బుర్రలో చిన్నపేగంటే ఒక గొట్టం, అన్నం లోపలికి వెళ్తుంది, సారం పీల్చుకుంటుంది, అంతే. అది తిరిగి పోస్తుందని తెలీదు. పదో తరగతిలో 'ఆంత్రరసం' అని ఒక మార్కు కోసం బట్టీ పట్టాను కానీ అదెంతో ఎప్పుడూ ఆలోచించలేదు. రోజుకి దాదాపు లీటరున్నర! మనం తాగే నీళ్లు రెండు లీటర్లు, లాలాజలం, జీర్ణాశయ రసం, పైత్యరసం, క్లోమం పంపేది, ఇదీ కలిపితే రోజుకి తొమ్మిది లీటర్ల దాకా పేగులోకి చేరుతుంది, బయటికి పోయేది మాత్రం గ్లాసుడు లోపే. అంటే ఆరోగ్యంగా ఉన్న రోజున కూడా లోపల ఇంత వరద నడుస్తూనే ఉంటుంది, ఎంత పోస్తే అంత తోడేస్తుంది కాబట్టి మనకి తెలీదు.

పోసేది ఒకచోట, తోడేది ఇంకోచోట. పేగు గోడ మీద వేళ్లలా లేచి ఉండే చూషకాలు పీల్చుకుంటాయి, వాటి మొదళ్లలోని గుంటలు నీళ్లు వదులుతాయి. ఆ గుంటల్లోని కణాలు క్లోరైడ్‌ని బయటికి తోస్తే దాని వెనకే సోడియం, నీళ్లు వస్తాయి. కలరా విషం చేసేది ఇదే, ఆ కుళాయిని తిప్పి అలాగే వదిలేస్తుంది, ముదిరితే మనిషి గంటకి లీటరు దాకా కోల్పోతాడు. అప్పుడు కూడా సోడియం, గ్లూకోజ్ రెండూ సరైన పాళ్లలో కలిసొస్తే లోపలికి తీసుకునే దారి మూసుకోదు. పొట్లం కిటుకంతా అదే. 1971లో పశ్చిమ బెంగాల్‌లోని బాంగావ్ శరణార్థి శిబిరంలో సెలైన్ అయిపోతే డాక్టర్ దిలీప్ మహలనబిస్ ఈ నీళ్లే తాగించి కలరా రోగుల్ని కాపాడింది కూడా ఈ దారినే.

నాది కలరా కాదు, వైరస్ అయి ఉంటుందన్నారు. మూడు రోజులకి తగ్గింది. నాలుగో రోజు పొద్దున్నే చిక్కటి పాల కాఫీ తాగాను, అరగంటలో కడుపు డప్పులా ఉబ్బి మళ్లీ మొదలు. వారం రోజులు ఇదే వరస, కాఫీ తాగడం, పరిగెత్తడం. టెన్షన్ పట్టుకుని నెట్‌లో చదివి చపాతీ కూడా మానేద్దామనుకున్నా. డాక్టర్ గారు ఆపారు, సీలియాక్ అంటే గోధుమ పడక పేగు దెబ్బతినే జబ్బు, ఆ అనుమానం నిజంగా ఉంటే గోధుమ తింటూ ఉండగానే రక్తపరీక్ష చేయించాలట, మానేశాక చేయిస్తే జబ్బున్నా బయటపడకపోవచ్చు. నా బాధ దానికంటే చాలా చిన్నది. పాలలోని లాక్టోజ్ అనే చక్కెరని విడగొట్టే లాక్టేజ్ అనే ఎంజైమ్ చూషకాల కొసల్లోని కణాల మీదే ఉంటుంది, వైరస్ కొరికేసిందీ ఆ కొసల్నే. కణాలు నాలుగైదు రోజుల్లో కొత్తవి వస్తాయి కానీ లాక్టేజ్ మామూలుకి రావడానికి వారాలు పడుతుంది. ఈలోగా అరగని లాక్టోజ్ పెద్దపేగుకి దిగి అక్కడి బ్యాక్టీరియాకి విందవుతుంది, గ్యాస్ అంతా అందుకే. పెరుగులో సూక్ష్మజీవులు సగం పని ముందే చేసి పెడతాయి గనక పెరుగన్నం పడుతుంది, కాఫీ పడదు.

ఇది విని అమ్మ, "మా అమ్మమ్మ దీన్నే సంగ్రహణి అనేది" అంది. ఆ మాట అన్నిటికీ వాడేవాళ్లు, కానీ దాని వెనక అసలు భయం స్ప్రూ. చూషకాలు మొద్దుబారిపోయి నెలల తరబడి విరేచనాలు, రక్తహీనత, మనిషి చిక్కి శల్యమయ్యేవాడు. భీమవరంలో పుట్టిన శాస్త్రవేత్త యల్లాప్రగడ సుబ్బారావు గారి అన్నదమ్ములిద్దరు దీనితోనే కొద్దిరోజుల తేడాలో పోయారు. 1945లో అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలలో ఆయన బృందం తయారుచేసిన ఫోలిక్ యాసిడ్ ఆ స్ప్రూకే మందయింది. ఆయన సంగతి విన్నాక నా కాఫీ గోల చెప్పుకోవడానికే సిగ్గేసింది.

సిగ్గున్నా కోరిక చావదు కదా. ఆరో వారం ఆదివారం అమ్మ దగ్గర కూర్చుని బతిమాలితే అర గ్లాసు పోసింది. గంటసేపు ఇద్దరం గోడ గడియారం చూస్తూ కూర్చున్నాం. ఏమీ కాలేదు. ఇంకో అర గ్లాసు ఇమ్మన్నాను. అప్పటికే మిగిలిన పాలు తోడు పెట్టేసింది.