నాగావళి ఇసుకలో 3ఎస్ ట్రక్కు: ఈఎస్‌సీ వైరింగ్ మార్పుల లాగ్

బండి రిమోట్ కంట్రోల్‌ది, 1/10 సైజు మాన్‌స్టర్ ట్రక్కు, ఫోర్ వీల్ డ్రైవ్. మోటారు 3660 సైజు సెన్సర్‌లెస్ బ్రష్‌లెస్, 3300 కేవీ (అంటే ఒక్కో వోల్టుకు నిమిషానికి అన్ని చుట్లు). మోటారు వేగాన్ని నడిపించే ఎలక్ట్రానిక్ స్పీడ్ కంట్రోలర్ (ఈఎస్‌సీ) 60 ఆంప్స్‌ది, 3ఎస్ (వరుసగా కలిపిన మూడు సెల్లులు) దాకా పనికొస్తుంది. బ్యాటరీ 3ఎస్ 5000 ఎంఏహెచ్ లైపో, నిండా ఛార్జైతే 12.6 వోల్టులు. ఎక్కువగా తిరిగేది శ్రీకాకుళం దగ్గర నాగావళి ఇసుకలో, అప్పుడప్పుడు కళింగపట్నం బీచ్‌లో.

మొదటి ఆదివారం: విప్పి చూడడం

ఫుల్ థ్రాటిల్ ఇస్తే మోటారు వణుకుతోంది, కాసేపటికి ఈఎస్‌సీ వేడెక్కి ఆగిపోతోంది. మూత తీస్తే ఇన్‌పుట్ కెపాసిటర్లు రెండూ పైన ఉబ్బి ఉన్నాయి. ఇలా కనిపించగానే చాలామంది మోటారును అనుమానిస్తారు. మోటారుకు సంబంధం లేదు, తప్పు బ్యాటరీ వైపు తీగలది.

ఈఎస్‌సీలో కరెంటును ఆన్, ఆఫ్ చేసే ట్రాన్సిస్టర్లు (ఫెట్లు) బతికున్నాయో లేదో ముందు తేల్చుకోవాలి. బ్యాటరీ తీసేసి, మల్టీమీటర్‌ను డయోడ్ మోడ్‌లో పెట్టాలి. ఎర్ర ప్రోబ్‌ను మోటారు తీగ మీద, నల్లదాన్ని బ్యాటరీ ప్లస్ మీద ఉంచితే సుమారు 0.4 నుంచి 0.5 చూపాలి. తర్వాత ఎర్రదాన్ని బ్యాటరీ మైనస్ మీద, నల్లదాన్ని మోటారు తీగ మీద ఉంచినా అంతే రావాలి. మూడు మోటారు తీగలకూ రెండు కొలతలు చొప్పున మొత్తం ఆరు. ఆరూ ఇంచుమించు ఒకేలా ఉంటే ఫెట్లు బాగున్నట్టే. ఎక్కడైనా సున్నా చూపి బీప్ మోగిందంటే ఆ ఫెట్ షార్ట్ అయింది. కెపాసిటర్ ఛార్జ్ అయ్యేటప్పుడు అంకె కాస్త కదులుతుంది, నిలకడగా ఆగేవరకు చూడాలి. ఈ బండిలో ఆరూ సరిగానే వచ్చాయి, కాబట్టి బోర్డు కాపాడుకోదగ్గదే.

కెపాసిటర్లు ఎందుకు ఉబ్బాయి

ఈఎస్‌సీ బ్యాటరీ కరెంటును సెకనుకు వేలసార్లు కోసి మోటారుకు ఇస్తుంది. ఫెట్ ఆగిన ప్రతిసారీ తీగలో పారుతున్న కరెంటు టక్కున ఆగలేదు. తీగకు ఇండక్టెన్స్ ఉంది, సెంటీమీటరుకు దాదాపు 10 నానోహెన్రీలు. ఆ తోపుడంతా బోర్డు మీద వోల్టేజీని పైకి ఎగదోస్తుంది. దాన్ని మింగాల్సింది ఇన్‌పుట్ కెపాసిటర్లే. తీగ ఎంత పొడుగైతే వాటిమీద అంత భారం. అవి లోపలి నిరోధం వల్ల కాగుతాయి, ఎలక్ట్రోలైట్ ఎండిపోతుంది, కెపాసిటీ పడిపోతుంది, దాంతో వోల్టేజీ అలలు ఇంకా పెరుగుతాయి. చివరికి ఆ ఎగుడువోల్టేజీ ఫెట్లకే తగిలి అవి షార్ట్ అవుతాయి.

ఈ బండిలో బ్యాటరీ ట్రే ఒక పక్క, ఈఎస్‌సీ వెనకాల ఉన్నాయి. అందుకని ఎవరో 14 గేజ్ తీగతో ఒక్కొక్కటి 25 సెంటీమీటర్లు వచ్చేలా పొడిగించారు. రానుపోను అర మీటరు. 14 గేజ్ మీటరుకు సుమారు 8.3 మిల్లీఓములు, కాబట్టి 60 ఆంప్స్ లాగినప్పుడు తీగల్లోనే పావు వోల్టు పోతుంది, 15 వాట్లు వేడిగా మారుతుంది. అంతకన్నా పెద్ద నష్టం పైన చెప్పిన ఎగుడుదే.

రెండో ఆదివారం: తీగలు మార్చడం

ఈఎస్‌సీని బ్యాటరీ ట్రే పక్కకు జరిపాం. బ్యాటరీ వైపు 12 గేజ్ (14 కన్నా లావు) సిలికాన్ తీగ, ఒక్కోటి 8 సెంటీమీటర్లు. ఇప్పుడు 60 ఆంప్స్ దగ్గర పోయేది 0.05 వోల్టు, 3 వాట్లు. ప్లస్, మైనస్ తీగలను విడివిడిగా పోనివ్వకుండా ఒకదానికొకటి ఆనించి, రెండు మెలికలు వేసి కట్టాం. మధ్య ఖాళీ తగ్గితే ఇండక్టెన్స్ కూడా తగ్గుతుంది.

దూరం పెరిగింది మోటారు వైపు. అక్కడ 12 సెంటీమీటర్లు పొడిగించాం. దీంతో ఇబ్బంది లేదు, మోటారు వైండింగే పెద్ద ఇండక్టర్, దానికి ఈ తీగ కలిపేది లెక్కలోకి రాదు. ఏదో ఒక వైపు పొడిగించక తప్పనప్పుడు ఎప్పుడూ మోటారు వైపే పొడిగించాలి.

బ్యాటరీ వైపు పొడుగు తప్పించలేని బండ్లలో అదనంగా పెంచిన ప్రతి 10 సెంటీమీటర్లకు 220 మైక్రోఫారడ్ చొప్పున లో ఈఎస్ఆర్ (లోపలి నిరోధం తక్కువున్న) కెపాసిటర్ కలపడం పాటించదగ్గ లెక్క. అది ఈఎస్‌సీ మొదట్లోనే ఉండాలి, బ్యాటరీ ప్లగ్ దగ్గర కాదు.

కొత్త కెపాసిటర్లు 35 వోల్టులవి, 105 డిగ్రీలవి, లో ఈఎస్ఆర్ రకం, మైక్రోఫారడ్ విలువ పాతవాటిదే. టీవీ మెకానిక్ షాపుల్లో చాలాచోట్ల దొరికే మామూలు రకం వేస్తే కొన్ని రోజుల్లో మళ్ళీ ఉబ్బుతుంది. పాత మదర్‌బోర్డు నుంచి పీకినవీ వద్దు, వాటిలో చాలావరకు 6.3 లేదా 16 వోల్టులవి, అప్పటికే కాగి ఉంటాయి. ఒంటి మీద చార ఉన్న వైపు కాలు మైనస్. తిరగేస్తే పేలుతుంది, కళ్ళద్దాలు పెట్టుకోకుండా మొదటిసారి ప్లగ్ పెట్టొద్దు.

కెపాసిటర్ కాళ్ళు గుంతల కుదుపుకు విరగడం మామూలే. అందుకే దాని ఒంటిని బోర్డుకు సిలికాన్‌తో అతికించాం. ఇక్కడ ఒక జాగ్రత్త: వెనిగర్ వాసన వచ్చే సిలికాన్ రాగిని తినేస్తుంది. న్యూట్రల్ క్యూర్ అని రాసి ఉన్నదే కొనాలి.

టంకం

12 గేజ్ తీగకు 25 వాట్ల ఐరన్ చాలదు. వేడి రాగిలోకి పారిపోయి టంకం ఉండకట్టి పైనే నిలుస్తుంది, కుదుపుకు ఊడిపోతుంది. 60 వాట్లు, వెడల్పు మొన, 380 నుంచి 400 డిగ్రీలు, 63/37 టంకం. హీట్‌ష్రింక్ (వేడికి ముడుచుకునే గొట్టం) ముందే తీగకు ఎక్కించి దూరంగా జరపాలి. బ్యాటరీ కనెక్టర్ ఎక్స్‌టీ 60కి టంకం వేసేటప్పుడు దాని జతను గుచ్చి ఉంచాలి, లేకుంటే ప్లాస్టిక్ మెత్తబడి పిన్నులు పక్కకు ఒరుగుతాయి.

కోసిన పాత తీగలో ఇంకో సంగతి బయటపడింది. స్లీవు కింద రాగి పోగులు నల్లబడి ఉన్నాయి, టంకం అంటదు. కళింగపట్నం ఉప్పునీరు పోగుల మధ్య నుంచి పైకి పాకిన ఫలితం ఇది. మెరిసే రాగి కనిపించేదాకా కోసుకుంటూ పోవాలి, గీకితే చాలదు. వాటర్‌ప్రూఫ్ అని రాసి ఉన్న ఈఎస్‌సీలోనూ చాలాసార్లు కాపాడబడేది బోర్డు ఒక్కటే. ఫ్యాను, స్విచ్, కనెక్టర్లకు ఆ మాట వర్తించకపోవచ్చు. బీచ్ నుంచి వచ్చాక మంచినీళ్ళ తడిబట్టతో తుడిచి, కనెక్టర్లను ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో కడగాలి.

ఆ తీరాన నల్ల ఇసుకలో ఇల్మెనైట్, మాగ్నెటైట్ రవ్వలు ఉంటాయి. మాగ్నెటైట్ అయస్కాంతానికి గట్టిగా పట్టుకుంటుంది, మోటారు డబ్బా కన్నాల్లోంచి దూరి రోటర్‌కు అంటుకుంటుంది. గాలితో ఊదితే పోదు. విప్పి, బ్లూటాక్ లాంటి జిగురుముద్దతో అద్దితే వస్తుంది. రోటర్ బరువెక్కి బిగుసుకుంటే ఆ భారమంతా ఈఎస్‌సీ మీదే.

మూడో ఆదివారం: వేడి కొలత

మెరిసే అల్యూమినియం హీట్‌సింక్ మీద ఇన్‌ఫ్రారెడ్ గన్ తక్కువ చూపిస్తుంది. నల్ల ఇన్సులేషన్ టేపు ముక్క అంటించి దాని మీద కొలవాలి. లక్ష్యం: హీట్‌సింక్ 80 డిగ్రీలు దాటకూడదు. వేడి 10 డిగ్రీలు పెరిగిన ప్రతిసారీ ఎలక్ట్రోలైటిక్ కెపాసిటర్ ఆయుష్షు సగమవుతుందన్నది వాడుకలో ఉన్న లెక్క, అందుకే మే నెల మధ్యాహ్నం ఏటి ఇసుకలో నడపడం శ్రేయస్కరం కాదు. పొడి ఇసుకలో చక్రాలు దిగబడతాయి కాబట్టి పినియన్‌ను (మోటారు మీది పళ్ళచక్రం) 15 పళ్ళ నుంచి 13కి దించాం. వేగం తగ్గింది, కరెంటు కూడా తగ్గింది. ఒప్పుకోదగ్గ బేరం.

ఫ్యాను 6 వోల్టులది, బీఈసీ (రిసీవర్‌కు, సర్వోకు తక్కువ వోల్టేజీ ఇచ్చే ఈఎస్‌సీ భాగం) నుంచే ఇచ్చాం. దాన్ని నేరుగా 3ఎస్‌కు కలిపితే మాడిపోతుంది. ఫ్యాను ముందు సన్న నైలాన్ జాలీ పెట్టాం.

మిగిలిన పని

చక్రాలను పక్కకు తిప్పే సర్వో (25 కిలోలన్నది దాని బలం, బరువు కాదు) రాళ్ళ మధ్య బిగుసుకున్నప్పుడు దాదాపు 3 ఆంప్స్ లాగవచ్చు. 3 ఆంప్స్ బీఈసీ అంచున ఉంది, వోల్టేజీ కుంగితే రిసీవర్ రీసెట్ అవుతుంది. వేరే 5 ఆంప్స్ యూబీఈసీ (విడిగా పెట్టే బీఈసీ) వస్తోంది. దాన్ని పెట్టేటప్పుడు ఈఎస్‌సీ మూడు పిన్నుల ప్లగ్‌లో ఎర్ర తీగను బయటికి లాగి టేపు చుట్టాలి, లేకుంటే రెండు బీఈసీలు ఒకదాన్నొకటి నెట్టుకుంటాయి. ఫ్యాను తీగను కూడా అప్పుడే కొత్తదాని వైపు మార్చాలి.