మస్కాందీ ఆల్బమ్‌కి క్లిక్ ట్రాక్ పనికిరాదు

హైదరాబాద్, చెన్నై సినిమా స్టూడియోల్లో పని నేర్చుకుని దక్షిణాఫ్రికాలోని డర్బన్ చేరిన సౌండ్ ఇంజనీర్ చేతికి మస్కాందీ, అంటే అక్కడి జులూల గిటార్ జానపదం పాడే కళాకారుడి తొలి ఆల్బమ్ వస్తే, పాత అలవాట్లు చాలావరకు పక్కన పెట్టాలి. మన దగ్గర ముందు క్లిక్ (లయ తప్పకుండా చెవిలో టిక్‌టిక్‌మనే ట్రాక్), ఆపైన కీబోర్డ్, రిథమ్, చివర్లో గొంతు. ఇక్కడ గిటార్, గొంతు ఒకదాన్నొకటి పట్టుకుని నడుస్తాయి. రెండూ ఒకేసారి తీసుకోవాలి.

తేడా శ్రుతి దగ్గరే మొదలవుతుంది. చాలామంది గిటార్ మొదటి తీగను ఈ (E) స్వరం నుంచి డీ (D) స్వరానికి దించుకుంటారు. ట్యూనర్ చూసి దాన్ని ‘సరిచేస్తే’ కళాకారుడి పాట ఆయన వేళ్ళకు అందదు. దించిన తీగ వదులై ఫ్రెట్లకు కొట్టుకుంటుంది కాబట్టి 0.010 అంగుళాల తీగ తీసేసి కాస్త లావైన 0.012 వేయించండి. బొటనవేలితో మంద్రం, చూపుడువేలితో పై స్వరాలు మీటే ఈ పద్ధతిని ఉకుపీకా అంటారు. 1950ల్లో రికార్డులు ఇచ్చిన జాన్ భెంగు, అంటే ఫూజుషుకేలా, దీనికి పెద్ద పేరు తెచ్చాడు. గిటార్ మైక్ పన్నెండో ఫ్రెట్ ఎదుట అడుగు దూరంలో పెట్టి, గిటార్‌లోనే ఉండే పికప్ నుంచి విడిగా ఇంకో లైన్ తీసుకోండి. గొంతుకి ముందూ వెనకా మాత్రమే వినే ఫిగర్-8 మైక్ పెట్టి, దాని చెవిటి పక్కను గిటార్ వైపు తిప్పితే రెండు శబ్దాల కలగాపులగం బాగా తగ్గుతుంది.

కన్సర్టీనా (చేతుల మధ్య తిత్తి ఊపి వాయించే చిన్న బటన్ల వాయిద్యం) ఉంటే ముందు దాని శ్రుతి కొలవండి. రీడ్లను స్టూడియోలో అప్పటికప్పుడు మార్చలేం. అది మామూలు 440 హెర్ట్జ్ శ్రుతి కన్నా 15 సెంట్లు (సెంటు అంటే అర స్వరంలో నూరో వంతు) ఎక్కువుంటే గిటార్, బేస్ రెండూ అక్కడికే రావాలి. బేస్ ముందే రికార్డు చేసేస్తే తర్వాత ఏ ప్లగిన్ కూడా ఆ తేడాను శుభ్రంగా పూడ్చలేదు. శబ్దం రెండు చివర్ల నుంచీ వస్తుంది కాబట్టి రెండు మైక్‌లు కావాలి. మరీ దగ్గర పెడితే బటన్ల టకటకే వినిపిస్తుంది.

పాట ఇజిహ్లాబోతో మొదలవుతుంది. అది తాళం లేని ఆలాపన లాంటి గిటార్ పలుకు. క్లిక్ పెడితే అక్కడే బిగుసుకుపోతుంది. గిటార్, గొంతు తీశాక దాని నడకను బట్టి వేగం ఎక్కడెక్కడ మారుతుందో చూపే టెంపో మ్యాప్ గీసి, డ్రమ్స్ దాని మీద వాయించాలి. రేడియో కోసం ఇజిహ్లాబో కత్తిరించమంటారు, ఒప్పుకోకండి. గిటారిస్టు ఎవరో వినేవాళ్ళు గుర్తుపట్టేది అక్కడే.

మధ్యలో ఇజిబోంగో వస్తుంది: వంశం, ఊరు, నది పేర్లతో గుక్కతిప్పుకోకుండా చెప్పే స్తుతి. శబ్దం హెచ్చుతగ్గులను చదును చేసే కంప్రెసర్‌తో నొక్కేయకుండా, మోతాదు పెంచి తగ్గించే ఫేడర్ చేత్తో నడపండి. జులూలో సీ, క్యూ, ఎక్స్ అక్షరాలు నాలుకతో చేసే టక్కుమనే హల్లులు. నోటి చప్పుళ్ళు తుడిచే డీక్లిక్ ప్లగిన్ వాటిని కూడా తినేస్తుంది. నాకైతే ఇదే అన్నిటికన్నా పెద్ద నష్టం, ఎందుకంటే మాటే పోతుంది. గొంతు శ్రుతిని సరిచేసే ఆటోట్యూన్ కూడా వద్దు. పదం చివర్లో సహజంగా కిందికి జారే స్వరాన్ని అది మెట్లుగా నరుకుతుంది. ఎడిటింగ్‌లో జులూ తెలిసిన మనిషి పక్కనుండాలి, లేకపోతే పూర్వీకుడి పేరు సగంలో తెగిపోతుంది.

పెద్దవాళ్ళను పేరు పెట్టి పిలవకండి, ‘బాబా’ అనండి. మ్ఖిజే ఇంటిపేరువాళ్ళను వాళ్ళ వంశ గౌరవనామంతో ‘ఖబజేలా’ అని పిలిస్తే మర్యాద ఇంకా నిండుగా ఉంటుంది.

రాబడి వాటాలు రికార్డింగ్‌కు ముందే కాగితం మీద రాసి సంతకాలు చేయించండి. సాహిత్యం, గిటార్ వరస కళాకారుడివే. ప్రసార హక్కులకు సామ్రోలో, కాపీల హక్కులకు కపాసోలో (రెండూ అక్కడి హక్కుల సంస్థలు) ఆయన పేరే నమోదు చేయించాలి. ఒక్కో ట్రాక్‌కి దాన్ని గుర్తుపట్టే ఒక్కో ఐఎస్ఆర్‌సీ కోడ్ విడుదలకు ముందే తీసుకోవాలి.